క్రైస్తవ విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ చదువు: మా అమ్మాయిని పంపడంపై మీ సలహా కావాలి

హన్మకొండ నాన్న రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది హన్మకొండలో ఎంఈసీ గ్రూపుతో ఇంటర్ పూర్తి చేసింది. అకౌంట్స్ అంటే దానికి ప్రాణం. బెంగళూరులోని క్రైస్ట్ యూనివర్సిటీలో ఏసీసీఏ అనే అంతర్జాతీయ అకౌంటింగ్ అర్హతతో కలిసి ఉన్న బీకాం చదువుతానని పట్టుబట్టి, వారి సొంత ప్రవేశ పరీక్ష రాసి, ఇంటర్వ్యూకు కూడా వెళ్ళివచ్చింది. సీటు వచ్చింది. ఫీజు కట్టడానికి గడువు దగ్గర పడింది.

మా నాన్నగారు ఏనుమాముల మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాగా పనిచేసి పోయారు. నేను చిన్న ఎరువుల దుకాణం నడుపుకుంటున్నాను. డిగ్రీ కోసం మా ఇంట్లో రాష్ట్రం దాటినవారు ఇంతవరకు ఎవరూ లేరు. మా అమ్మగారికి ఒక భయం ఉంది. శిలువ గుర్తు ఉన్న చోట మూడేళ్ళు ఉంటే పిల్ల మన పద్ధతులు మరచిపోతుందేమోనని ఆమె రోజూ అడుగుతున్నారు. ఆమె మాటను నేను తేలిగ్గా తీసుకోలేను, అలాగని అమ్మాయి కష్టపడి తెచ్చుకున్న సీటును వదిలేయమని చెప్పడానికీ నోరు రావడం లేదు.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. క్రైస్తవ సంస్థలో అకౌంటింగ్ చదివితే ఆ చదువులో నిజంగా ఏమైనా తేడా ఉంటుందా? మతపరమైన ఒత్తిడి ఉంటుందా? అంత డబ్బు పెట్టే బదులు కాకతీయ యూనివర్సిటీ పరిధిలోనే బీకాం చదివిస్తూ సీఏ వైపు పంపడం మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.

కరీంనగర్ పూర్వ విద్యార్థిని రాశారు:

అంకుల్, నేను అక్కడే బీకాం చదివాను. మేము క్రైస్తవులం కాము.

ముందు సంస్థ గురించి చెబుతాను. 1969లో క్రైస్ట్ కాలేజీగా మొదలై, 2008లో డీమ్డ్ విశ్వవిద్యాలయం అయింది. దానిని నడిపేది కేరళలో 1831లో పుట్టిన సీఎంఐ అనే కాథలిక్ సన్యాస సభ. ఆ సభ స్థాపకుల్లో ఒకరైన కురియాకోస్ చావరా గారిని 2014లో పోప్ పునీతుడిగా ప్రకటించారు. ఆయన ప్రతి చర్చి పక్కన ఒక బడి ఉండాలని పట్టుబట్టిన మనిషి. ఆ సంస్థ స్వభావం అర్థం కావాలంటే ఈ సంగతి తెలిసి ఉండాలి.

నన్ను మతం మార్చుకోమని గానీ, ప్రార్థనకు రమ్మని గానీ ఎవరూ అడగలేదు. అందరికీ తప్పనిసరిగా ఉండేది హోలిస్టిక్ ఎడ్యుకేషన్ అనే తరగతి. అందులో చెప్పేది మనిషి నడవడిక, పౌర బాధ్యత వంటివే గాని బైబిలు కాదు. మీ అమ్మగారికి ఈ మాట నా తరఫున ధైర్యంగా చెప్పండి.

నిజంగా ఒత్తిడి ఉండేది హాజరు దగ్గర. 85 శాతం హాజరు అంటే 85 శాతమే. పెళ్ళికి వెళ్ళినా, బతుకమ్మకు ఇంటికి వచ్చినా లెక్క లెక్కే. మొదటి సంవత్సరం సద్దుల బతుకమ్మ రోజున నేను హాస్టల్ గదిలో కూర్చుని ఏడ్చాను. రెండో సంవత్సరానికి మేము తెలుగు అమ్మాయిలం నలుగురం కలిసి గునుగు పువ్వు దొరకక బంతిపూలతోనే చిన్న బతుకమ్మను పేర్చుకున్నాం, మా వార్డెన్ సిస్టర్ కూడా వచ్చి పక్కన నిలబడ్డారు.

చదువు విషయానికొస్తే, సెమిస్టర్ చివరి పరీక్ష ఒక్కటే చదివి గట్టెక్కడం అక్కడ కుదరదు. సీఐఏ అనే నిరంతర మదింపు ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది. ఒక సెమిస్టర్‌లో మా బృందానికి ఒక పెద్ద కంపెనీ వార్షిక నివేదిక ఇచ్చి, లాభనష్టాల ఖాతా జోలికి వెళ్ళకుండా కేవలం వెనుక ఉన్న గమనికలు మాత్రమే చదివి ఆ కంపెనీ ఏ విషయాన్ని చిన్నగా చూపించాలనుకుంటున్నదో చెప్పమన్నారు. మూడు వారాలు పట్టింది. సంబంధిత పార్టీల లావాదేవీలు, అంటే కంపెనీ తన సొంత మనుషులతో, తన అనుబంధ సంస్థలతో జరిపే వ్యవహారాలు, ఏ పేజీలో దాక్కుంటాయో నాకు ఆ మూడు వారాల్లోనే తెలిసింది, ఈనాటికీ ఉద్యోగంలో నేను మొదట తెరిచేది ఆ పేజీనే.

హన్మకొండ ఆడిటర్ రాశారు:

సోదరా, మీ మూడో ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. వృత్తిరీత్యా నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ను.

ఏసీసీఏ, సీఏ ఒకే పనికి రెండు పేర్లు అనుకుని చాలామంది తల్లిదండ్రులు పొరబడుతున్నారు. ఏసీసీఏ అనేది 1904లో లండన్‌లో పుట్టిన సంస్థ ఇచ్చే అర్హత. మొత్తం 13 పేపర్లు. గుర్తింపు పొందిన బీకాంలో చదివినవారికి గరిష్ఠంగా 9 పేపర్ల వరకు మినహాయింపు దొరుకుతుంది, మిగిలిన వాటిని స్వయంగా రాసి గట్టెక్కాలి, ఆపైన 36 నెలల పని అనుభవం, నైతికతకు సంబంధించిన ఒక మాడ్యూల్ ఉంటాయి. బహుళజాతి సంస్థల హైదరాబాద్, బెంగళూరు కార్యాలయాల్లో దీనికి మంచి గిరాకీ ఉంది. అయితే మన దేశంలో ఒక కంపెనీ చట్టబద్ధ ఆడిట్ నివేదికపై సంతకం పెట్టే అధికారం దీనితో రాదు. ఆ సంతకం 1949 నాటి చట్టం కింద ఏర్పడిన మన చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ సభ్యులది మాత్రమే.

కాబట్టి మీరు అమ్మాయిని అడగవలసిన అసలు ప్రశ్న బెంగళూరా హన్మకొండా అన్నది కాదు. రేపు తన పేరుతో బోర్డు పెట్టుకుని ఆడిట్ చేయాలనుకుంటున్నదా, లేక కంపెనీ లోపల కూర్చుని లెక్కలు తయారుచేయాలనుకుంటున్నదా అని అడగండి. మొదటిదైతే సీఏ తప్పదు. అలాగని బెంగళూరు వెళ్తే సీఏ దారి మూసుకుపోదు. కామర్స్ డిగ్రీలో 55 శాతం మార్కులు వచ్చినవారు తొలి మెట్టు అయిన ఫౌండేషన్ పరీక్ష రాయకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటర్ దగ్గర చేసే పని శిక్షణ కూడా మూడేళ్ళ నుంచి రెండేళ్ళకు తగ్గింది. డిగ్రీ మూడేళ్ళూ పక్కకు చూడకుండా చదివి, తరువాత ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ రాసి ఆర్టికల్‌షిప్‌కు రమ్మనండి. 85 శాతం హాజరు అడిగే చోట చేరి, అదే సమయంలో సీఏ కోచింగ్‌కు కూడా వెళ్తాననే పిల్లలు రెండింటిలోనూ చితికిపోవడం నేను నా కార్యాలయంలోనే చూశాను.

ఇక అప్పు చేసి పంపేటట్లయితే మాత్రం ఒక్క మాట. మూడేళ్ళ ఫీజు, హాస్టల్, ఏసీసీఏ రిజిస్ట్రేషన్, పరీక్ష రుసుములు అన్నీ కలిపి ఒక కాగితం మీద రాయండి. ఏసీసీఏ రుసుములు పౌండ్లలో ఉంటాయి, అవి కళాశాల ఫీజులో కలిసి ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోండి.

డోర్నకల్ కోశాధికారి కొడుకు రాశారు:

అన్నా, నేను సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అనే ప్రొటెస్టెంట్ సంఘంలో పుట్టి పెరిగినవాడిని. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య గారు బిషప్‌గా సేవ చేసిన ఊరు మాది. హైదరాబాద్‌లో ఒక మిషనరీ కళాశాలలో బీకాం చదివాను, పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఆ ఒక్క కళాశాల సంగతి కాదు.

నా అకౌంటింగ్ చదువు కళాశాలలో మొదలు కాలేదు. మా నాన్న మా ఊరి సంఘానికి కోశాధికారి. మా దగ్గర ఆడవాళ్ళు పూటపూటా వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి తెస్తారు. దాన్ని పిడికెడు బియ్యం కానుక అంటాం. కోతల పండుగ రోజున వడ్ల బస్తాలు, కోళ్ళు, గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు గుడి ముందు వేలం వేస్తారు. గుమ్మడికాయను నూరు రూపాయలకు పాడినవాడు దాన్ని మళ్ళీ సంఘానికే ఇచ్చేస్తాడు, అది మరోసారి వేలానికి వస్తుంది. ఒకే కాయ మీద నాలుగు జమలు. వాటిని మా నాన్న నాలుగు వేర్వేరు పద్దులుగా, పాడినవారి పేర్లతో సహా రాసేవారు. ఏడాది చివర ఆరాధన అయిన తరువాత ఆయన లేచి నిలబడి ఆ లెక్కలన్నీ గట్టిగా చదివేవారు. ముసలమ్మలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వినేవారు. ఒక ఏడు ఒక అవ్వ లేచి, నా కోడిపుంజు ఏదయ్యా అని అడిగింది. పుస్తకంలో కోడిపుంజు లేదు. మా నాన్న ముఖం నల్లబడింది. వెతికితే ఆ పద్దు రాసిన చీటీ హార్మోనియం పెట్టెలో దొరికింది. ఆ తరువాత ఆయన చీటీ మీద రాయడం మానేసి నేరుగా పుస్తకంలోనే రాయడం మొదలుపెట్టారు.

కళాశాలలో అంతర్గత నియంత్రణ అనే పాఠం చెప్పినప్పుడు నాకు ఆ కోడిపుంజే గుర్తొచ్చింది.

క్రైస్తవ సంస్థలో చదివితే తేడా ఏమిటని మీరు అడిగారు. డెబిట్ ఎక్కడైనా డెబిటే, దానికి మతం లేదు. మాకు ఒక ఫాదర్ గారు కాస్ట్ అకౌంటింగ్ చెప్పేవారు. ఆయన మొదటి రోజున, మీరు రాసే ప్రతి అంకె మరొకరి సొమ్ము, మీరు దానికి యజమానులు కారు, గృహనిర్వాహకులు మాత్రమే అన్నారు. ఆ గృహనిర్వాహకుడు అనే మాట మా తెలుగు బైబిలులోది, చిన్నప్పటి నుంచి వింటున్నదే. అది లెక్కల పుస్తకానికి వర్తిస్తుందని మాత్రం ఆయనే చెప్పారు.

ఇబ్బంది కూడా చెప్పాలి. నేను తెలుగు మీడియం సీఈసీ. ఇంటర్‌లో అంకణా, అనామతు ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ, చిల్లర నగదు పుస్తకం అని నేర్చుకుని వెళ్తే, అక్కడ మొదటి రోజే ట్రయల్ బ్యాలెన్స్, సస్పెన్స్ అకౌంట్ అంటూ వినబడ్డాయి. అవి నాకు తెలిసిన పాఠాలే అని గ్రహించడానికే నెల పట్టింది. ఒక నోటుపుస్తకంలో ఎడమ వైపు తెలుగు పేరు, కుడి వైపు ఇంగ్లీషు పేరు రాసుకుంటూ పోయాను. నలభై పేజీలు నిండింది.

మా సామాజిక వర్గం పిల్లల కోసం మరో ముక్క. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలకు మన రాష్ట్రంలో వచ్చేది బీసీ-సీ ధ్రువపత్రం, ఆ కోటా ఒక శాతమే. ఆ పత్రం చేతిలో లేకుండా ప్రవేశాల సమయంలో మండల కార్యాలయం చుట్టూ తిరిగి నేను ఒక మంచి సీటు పోగొట్టుకున్నాను. పదో తరగతి అయిన వెంటనే తీసిపెట్టుకోండి.

మంచిర్యాల మాజీ విద్యార్థి రాశారు:

పై సోదరుడి మాటలు చదివి సంతోషించాను, కానీ నా అనుభవం అలా లేదు. నేను చదివిన మిషనరీ కళాశాలలో నైతిక విలువల తరగతి వారానికి ఒకసారి ఉండేది. పుస్తకం చదివించి, చివర మార్కులు వేసి పంపేవారు. అదే కళాశాల మా దగ్గర అభివృద్ధి రుసుము పేరుతో తీసుకున్న డబ్బుకు రసీదు ఇవ్వడానికి మూడుసార్లు తిప్పించింది. రసీదు లేని డబ్బు గురించి అడిగితే క్రమశిక్షణ తప్పానన్నారు. అకౌంటింగ్ విద్యార్థి రసీదు అడగడం క్రమశిక్షణ తప్పడం ఎలా అవుతుందో ఎవరైనా చెప్పండి. శిలువ ఉన్నంత మాత్రాన లెక్క శుద్ధిగా ఉంటుందని నమ్మకండి. నీతి చెప్పే సంస్థ ముందుగా తన ఆస్తి అప్పుల పట్టీని కామర్స్ విద్యార్థుల ముందు పెట్టాలి. అలా పెట్టే చోటుకే పంపండి.

హన్మకొండ ఆడిటర్ రాశారు:

తమ్ముడూ, మీరు రసీదు అడగడం సరైనదే, అడిగినందుకు మందలించడం తప్పు. మీ సూచన కూడా నాకు నచ్చింది. ట్రస్టు, సొసైటీ లెక్కలు మన బీకాంలో ఒక చిన్న అధ్యాయంగా ముగిసిపోతాయి గాని, నిజానికి అది పెద్ద సముద్రం. ఆదాయపు పన్ను మినహాయింపు నిలవాలంటే ధర్మసంస్థ తన ఆదాయంలో కనీసం 85 శాతాన్ని ఆశయాల కోసమే వాడాలి. విదేశీ విరాళం వస్తే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి, ఒక సంస్థ నుంచి మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల లోపు ఆడిట్ అయిన లెక్కలు కేంద్రానికి సమర్పించాలి. ఓరుగల్లు, ఖమ్మం, కరీంనగర్ ప్రాంతాల్లో బడులు, ఆసుపత్రులు, వసతి గృహాలు నడిపే చిన్న చిన్న సంస్థలకు ఈ నిబంధనలు తెలిసిన అకౌంటెంట్లు దొరకడం లేదు. దుర్బుద్ధితో కాకుండా, కేవలం లెక్క రాసే మనిషి లేక రిజిస్ట్రేషన్ పోగొట్టుకున్న సంస్థల కాగితాలు నా టేబుల్ మీదికి వచ్చాయి. క్రైస్తవ విశ్వవిద్యాలయాల్లో కామర్స్ చదివే పిల్లలకు ఈ రంగం కళ్ళముందే ఉంటుంది. దాన్ని నేర్చుకోమని చెప్పండి.

గోదావరిఖని బీకాం విద్యార్థి రాశారు:

ఒక సందేహం. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ, ఆల్వాల్ లయోలా అకాడమీ, బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ ఇవి కూడా క్రైస్తవ విశ్వవిద్యాలయాలేనా?

విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు, వరంగల్ రాశారు:

కాదు నాయనా, అవి కళాశాలలు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ 1837లో చిన్న బడిగా మొదలై, 1937లో తాంబరానికి మారిన పాత సంస్థ. స్వయంప్రతిపత్తితో తన పరీక్షలు తానే జరుపుకుంటుంది గాని, డిగ్రీ పట్టా మద్రాసు విశ్వవిద్యాలయానిది. అలాగే లయోలా అకాడమీ పట్టా ఉస్మానియాది. క్రైస్ట్ వంటి డీమ్డ్ విశ్వవిద్యాలయం తన పట్టా తానే ఇస్తుంది, సిలబస్‌ను వేగంగా మార్చుకోగలుగుతుంది. ఏసీసీఏ వంటి వాటిని బీకాంలో కలపడం వాటికి సులువు కావడానికి కారణం అదే. మన రాష్ట్ర డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక దోస్త్‌లో వాటి పేర్లు వెతకకండి, ప్రవేశాలు వారివే. హైదరాబాద్‌లోని స్వయంప్రతిపత్తి గల మిషనరీ కళాశాలల విషయంలో మాత్రం ఏ ఏడాదికి ఆ ఏడాది వారి ప్రకటన చూసుకోవడం మంచిది.

హన్మకొండ నాన్న గారికి, ముఖ్యంగా వారి అమ్మగారికి ఒక సంగతి చెప్పాలని ఈ ఉదయం నుంచి అనుకుంటున్నాను.

మతపరమైన రక్షణ గురించి రాజ్యాంగంలోనే ఉంది. 30వ అధికరణం మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇస్తే, 28వ అధికరణంలోని మూడో భాగం, ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందిన సంస్థలో ఏ విద్యార్థినీ అతని సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు గాని ఆరాధనకు గాని హాజరు కమ్మని బలవంతం చేయకూడదని చెబుతున్నది. రెండూ పక్కపక్కనే నిలిచే హక్కులు.

ఇక శిలువ, లెక్కల పుస్తకం. అమ్మగారికి ఈ కథ చెప్పండి. ప్రతి లావాదేవీనీ రెండు ఖాతాల్లో రాసే జంటపద్దు విధానాన్ని మొట్టమొదట అచ్చులో వివరించినవాడు లూకా పచోలీ అనే ఇటలీ సన్యాసి. ఫ్రాన్సిస్ సభకు చెందినవాడు. వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్న పద్ధతిని ఆయన 1494లో తన గణిత గ్రంథంలో ఒక భాగంగా రాసి అచ్చు వేయించాడు. మూడు పుస్తకాలు పెట్టుకోమన్నాడు. జరిగింది జరిగినట్టు గీకిపెట్టే చిత్తు పుస్తకం ఒకటి, దానిని తేదీ వారీగా క్రమంలో రాసే పుస్తకం ఒకటి, ఖాతాలుగా విడదీసే పుస్తకం మూడోది. చిత్తు, చిట్టా, ఆవర్జా అని మన ఏనుమాముల గుమస్తా చెప్పేవి అచ్చంగా ఇవే. పుస్తకం మొదలుపెట్టేటప్పుడు దేవుని పేరు రాయమని, మొదటి పుస్తకాల మీద శిలువ గుర్తు వేయమని, అవి నిండిన తరువాత వచ్చేవాటికి అక్షరాలతో గుర్తులు పెట్టమని ఆయన చెప్పాడు. మన వర్తకులు కొత్త పుస్తకం నాలుగు మూలలకూ పసుపు పెట్టి, పైన శ్రీకారం చుట్టి, దేవుడి ముందు ఉంచిన తరువాతనే మొదటి పద్దు రాస్తారు. ఆ సన్యాసికీ మన గుమస్తాకూ ఒకరి గురించి ఒకరికి తెలియదు. ఇద్దరూ దేవుడు చూస్తుండగా రాస్తున్నామనే అనుకున్నారు.

డోర్నకల్ సోదరుడు రాసిన దానికి ఒక ముక్క కలుపుతాను. ఆడిట్ అనే మాట లాటిన్‌లో వినడం అనే క్రియ నుంచి వచ్చింది. పూర్వం లెక్కలను బిగ్గరగా చదువుతుంటే కూర్చుని వినేవాడే ఆడిటర్. మీ గుడిలో కోడిపుంజు ఏదని అడిగిన ఆ అవ్వ, మాట మూలార్థం ప్రకారం చూస్తే, మీ సంఘం ఆడిటరే.

నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ ఉత్తరం బయటికి వచ్చిన మరునాడు తరగతికి వెళ్తే పిల్లలెవరూ పుస్తకం తెరవలేదు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనివేనని ఆ ఉత్తరంలో ఉంది. మన పుస్తకంలోని నిల్వను బ్యాంకు చూపే నిల్వతో సరిపోల్చే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక ఇంటర్ పిల్లలకు మేము నేర్పే పాఠం. అంత పెద్ద సంస్థలో, అంత చదువుకున్నవారి మధ్య, అంత చిన్న పాఠం ఎందుకు పనిచేయలేదని ఒక అమ్మాయి అడిగింది. ఆ రోజు నా దగ్గర ఆమెకు సరిపడే జవాబు లేదు. అందుకే నైతికతను ప్రత్యేక తరగతిగా పెట్టారా లేదా అనే దానికన్నా, కాస్టింగ్ చెప్పేటప్పుడు, ఆడిటింగ్ చెప్పేటప్పుడు ఆ అధ్యాపకుడు ఆ ప్రశ్నను పిల్లల ముందు నిలబెడతాడా లేదా అనేది చూడండి. మంచిర్యాల అబ్బాయికి దొరకనిది, డోర్నకల్ అబ్బాయికి దొరికినది అదే.

డల్లాస్‌లో ఉంటున్న హుజూరాబాద్ వాసి రాశారు:

అమెరికా ఆలోచన ఉన్నవారి కోసం క్లుప్తంగా. ఇక్కడ బేలర్ వంటి క్రైస్తవ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ స్థాయి విద్యార్థులు కొన్ని మత పాఠాలు, రెండు సెమిస్టర్ల చాపెల్ (ప్రార్థనా సమావేశాలు) పూర్తి చేయాలి, అది వారి డిగ్రీ నిబంధనల్లోనే రాసి ఉంటుంది. ఏ విశ్వవిద్యాలయమైనా దరఖాస్తుకు ముందే ఆ పేజీ చదవాలి. ఇక్కడి అకౌంటెంట్ లైసెన్సు అయిన సీపీఏ కోసం చాలాకాలంగా 150 క్రెడిట్ గంటలు అడుగుతూ వచ్చారు, ఇటీవల కొన్ని రాష్ట్రాలు ఇతర మార్గాలకూ వీలు కల్పిస్తున్నాయి. 2024 నుంచి పరీక్షలో మూడు తప్పనిసరి విభాగాలు, ఎంచుకునే విభాగం ఒకటి. ఆ పరీక్షను 2020 నుంచి మన దేశంలోనే రాయవచ్చు. కనుక కేవలం సీపీఏ కోసమే అయితే అప్పు చేసి ఇంతదూరం రానవసరం లేదు.

హన్మకొండ నాన్న రాశారు:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆడిటర్ గారు చెప్పినట్టు అన్ని ఖర్చులూ ఒక కాగితం మీద రాశాను. కళాశాల కార్యాలయానికి ఫోన్ చేసి ఏసీసీఏ రుసుముల సంగతి అడిగి తెలుసుకున్నాను. అమ్మాయిని కూర్చోబెట్టి ఆ ఒక్క ప్రశ్న అడిగాను. నాకు సంతకం పెట్టే పనే కావాలి నాన్నా, కానీ ముందు ఇది చదువుతాను అన్నది. డిగ్రీ అయ్యాక సీఏ ఇంటర్మీడియట్‌లో చేరాలని ఇద్దరం ఒప్పుకున్నాం. ఈ రోజు ఫీజు కట్టాను.

అధ్యాపకులు రాసిన కథను మా అమ్మగారికి చదివి వినిపించాను. ఆమె ఏమీ అనకుండా లేచి వెళ్ళి, బీరువా అడుగున ఎర్రగుడ్డలో చుట్టి ఉన్న నాన్నగారి పాత చిట్టా తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టారు. దుకాణం మూసేసినప్పుడు యజమాని గుర్తుగా ఇచ్చిన పుస్తకమట, నాకు కూడా ఇన్నాళ్ళూ తెలియదు. మూలల్లో పసుపు ఇంకా ఉంది. మిరప సీజను పేజీల్లో తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకపు చీటీల) నెంబర్లు, హమాలీ, కాంటా ఖర్చులు వరుసగా ఉన్నాయి. ఒక చోట రైతు పేరు లేకుండా 11 రూపాయలు అనామతు అని రాసి, పేజీ మారినప్పుడల్లా ఆ 11ను ముందుకు తెచ్చి, దాదాపు నాలుగు నెలల తరువాత ఒక రైతు పేరున చెల్లించినట్టు రాసి కొట్టివేశారు.

ఆ అమ్మాయి రాశారు:

నాన్న ఖాతా నుంచే రాస్తున్నాను. అందరికీ ధన్యవాదాలు. తాతయ్య పుస్తకం మొత్తం చదవాలని ఉంది, కానీ నాది ఇంగ్లీషు మీడియం కావడం వల్ల సగం మాటలు అర్థం కావడం లేదు. తాతయ్య జమను ఎడమ వైపు రాశారు, నేను క్రెడిట్‌ను కుడి వైపు నేర్చుకున్నాను, అక్కడే తికమకపడుతున్నాను. డోర్నకల్ అంకుల్, మీరు రాసుకున్న ఆ రెండు భాషల నోటుపుస్తకం ఇంకా మీ దగ్గర ఉంటే, ఫొటోలు పంపగలరా? బెంగళూరు వెళ్ళేలోపు కాపీ చేసుకుంటాను.

డోర్నకల్ కోశాధికారి కొడుకు రాశారు:

ఉందమ్మా. రేపు పుస్తకమే పంపిస్తాను, కాపీ చేసుకుని నిదానంగా తిప్పి పంపు. మూడో పేజీలో అంకణా దగ్గర సిరా అలుక్కుపోయింది, అక్కడ మాత్రం అధ్యాపకుల వారిని అడిగి రాసుకో. జమ ఎడమ వైపు ఎందుకుందో తెలియాలంటే ఆ పేజీని ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అని మొదలుపెట్టి చదువు, పక్కలు చూడకు.